భయపడినవాళ్లు నిలబెట్టిన విశ్వాసం



ఆస్పత్రిలో ఉన్నవాళ్లను పలకరించడానికి వెళ్లి, ప్రార్థన ముగించి లేచేటప్పుడు, మన క్రైస్తవుల్లో చాలామంది ఒక మాట అంటుంటారు. "విశ్వాసం ఉంచండి, అసలు భయపడకండి" అని. ప్రేమతోనే అంటారు. వాళ్లు వెళ్లిపోయాక, వార్డులో దీపాలు ఆర్పేశాక, ఆ మంచం మీది మనిషికి మాత్రం నిద్ర పట్టదు. రేపు డాక్టరు ఏం చెబుతాడో, పిల్లల గతి ఏమవుతుందో అని గుండె దడదడలాడుతుంది. "నాకింత భయం వేస్తోందంటే నాకు విశ్వాసం లేనట్టేనా? దేవుడు నన్ను వదిలేసినట్టేనా?" అని తనలో తనే కుమిలిపోతాడు. జబ్బు బాధకు తోడు ఇదొక బాధ.

ఈ ప్రసంగం ఆ మనిషి కోసం. ఆ మనిషికి నేను చెప్పదలచింది ఒక్కటే: భయం కలిగినంత మాత్రాన విశ్వాసం పోదు. ఈ మాట ఊరికే ఓదార్పు కోసం అనడం లేదు. దీనికి చరిత్రలో రుజువుంది. జపాన్ దేశంలో, నాగసాకి నగరం పక్కన ఉరకామి అనే ఒక పల్లె ఉండేది. ఆ పల్లె కథే ఆ రుజువు.

జపాన్‌లో క్రీస్తు సువార్త మొదట వినిపించింది 1549లో, ఫ్రాన్సిస్ జేవియర్ అక్కడ అడుగుపెట్టినప్పుడు. కొన్ని దశాబ్దాల్లోనే లక్షలమంది విశ్వాసులయ్యారు. పాలకులకు అనుమానం మొదలైంది. ఈ మతం వెనకాల విదేశీ సైన్యాలు వస్తాయని భయపడ్డారు. 1597లో హిదెయోషి అనే పాలకుడు క్యోటో, ఒసాకా నగరాల్లో 24 మందిని పట్టించి, ఎడమ చెవి కొంత కోయించి, చలికాలంలో దాదాపు నెల రోజులు నాగసాకి దాకా నడిపించాడు. దారిలో వాళ్లకు సేవ చేస్తున్న మరో ఇద్దరిని కూడా పట్టుకుని ఆ గుంపులో కలిపారు. ఫిబ్రవరి 5న నిషిజాకా కొండ మీద 26 మందినీ శిలువలకు కట్టి, ఈటెలతో పొడిచి చంపారు. అందరిలోకీ చిన్నవాడు లూయీ ఇబరాకి. 12 ఏళ్ల పిల్లవాడు. వాళ్లలో మన దేశం వాడు కూడా ఒకడున్నాడు. ముంబై దగ్గర వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా. 1862లో రోమ్‌లో ఆ 26 మందినీ పునీతులుగా ప్రకటించారు.

ఇలాంటి హతసాక్షుల కథలు మనకు తెలుసు. ఆదివారం బడిలో పిల్లలకు చెబుతాం. విన్నప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది. వెంటనే మనసులో ఓ మూల, "నేనైతే అలా నిలబడగలనా?" అన్న ప్రశ్న పుడుతుంది. చాలామందికి నిజాయితీగా వచ్చే జవాబు, "నా వల్ల కాదేమో" అనే. మరి అలాంటివాళ్లకు విశ్వాసంలో చోటు లేదా? ఉరకామి కథలో నాకు నచ్చేది ఇదే. అది వీరుల కథతో ఆగిపోదు. భయపడినవాళ్లు ఏం చేశారో కూడా చెబుతుంది.

1614లో దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించారు. ఆ నిషేధాన్ని అమలు చేసిన తీరు చూస్తే భయం ఎంత లోతుగా పాకిందో అర్థమవుతుంది. ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. అయిదేసి ఇళ్లను ఒక జట్టుగా కట్టారు. ఒక ఇంట్లో క్రైస్తవుడు దొరికితే ఆ అయిదిళ్లకూ ముప్పే. కూడళ్లలో చెక్క పలకల మీద బహుమతులు ప్రకటించారు. ఒక ఫాదర్‌ని పట్టిస్తే 500 వెండి నాణేలు ఇస్తామన్న కాలం కూడా ఉంది. అంటే ధైర్యంగా నిలబడితే పోయేది తన ప్రాణం ఒక్కటే కాదు. పక్కింటి పిల్లల ప్రాణాలు కూడా పోవచ్చు. తనొక్కడి విషయమైతే చావుకైనా సిద్ధపడే మనిషి, పక్కవాళ్ల పిల్లల ముఖం చూసి వణికిపోతాడు. ఆ వణుకును పిరికితనం అనడానికి నాకు నోరు రాదు.

వీటన్నిటినీ మించిన పరీక్ష ఇంకొకటి ఉండేది. క్రీస్తు బొమ్మనో మరియమాత బొమ్మనో నేల మీద పెట్టి, దాన్ని కాలితో తొక్కమనేవారు. తొక్కినవాడు క్రైస్తవుడు కాదని లెక్క. తొక్కడానికి తటపటాయిస్తే చెరసాలే. మొదట కాగితం మీద, చెక్క మీద ఉన్న బొమ్మలను వాడారు. అవి అరిగిపోతుంటే 1669లో లోహంతో పోతపోయించారు. నాగసాకిలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో ఇదొక తంతు. చంకలోని పసిబిడ్డల పాదాలను కూడా ఆ బొమ్మకు ఆనించేవారు. ఆ పలకలు కొన్ని ఈ రోజుకీ టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. వేలాది పాదాల కింద నలిగి నలిగి, శిలువ మీది క్రీస్తు ముఖంలో కన్నూ ముక్కూ పోల్చుకోలేనంతగా నున్నబడిపోయాయి.

ఉరకామి వాళ్లు ఆ పలకను తొక్కారు. ఏటా తొక్కారు. తరతరాలుగా తొక్కారు. ఇళ్లకు వచ్చి తలుపులు మూసుకుని ఏడ్చారు. దేవుణ్ని క్షమాపణ అడిగారు. అందుకోసం వాళ్ల దగ్గర ఒక పశ్చాత్తాప ప్రార్థన ఉండేది. పాపాలు ఒప్పుకోవడానికి ఫాదర్ దొరకనప్పుడు, మనిషి నిజమైన దుఃఖంతో నేరుగా దేవుని ఎదుట ఎలా నిలబడాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి 1603లోనే వచ్చింది. నిషేధం బిగుసుకున్నాక ఆ పాఠాన్ని చేతిరాతతో నకళ్లు తీసుకున్నారు, కంఠతా పట్టారు, పిల్లలకు నేర్పారు. అధికారి ముందు వేసిన అడుగు ఒకటైతే, ఇంట్లో మోకాళ్ల మీద పడి చేసిన ప్రార్థన ఇంకొకటి. రెండు వందల ఏళ్లకు పైగా వాళ్ల విశ్వాసాన్ని కాపాడింది ఆ రెండోదే.

అయితే ఒంటరిగా చేసి ఉంటే అది నిలిచేది కాదు. 1644లో జపాన్‌లో మిగిలిన చివరి ఫాదర్ కొనిషి మాన్షో కూడా హతసాక్షి అయ్యాడు. ఆ తర్వాత పూజ లేదు, పాపసంకీర్తనం లేదు, బైబిలు లేదు. అయినా పల్లెవాళ్లు తమలో తామే పనులు పంచుకున్నారు. ఒకాయన పండుగల పంచాంగం చూసేవాడు. ఏ రోజు ఉపవాసం, ఏ రోజు పండుగ, ఏ రోజు పొలం పని మానాలి అన్నది లెక్కగట్టి చెప్పేవాడు. ఇంకొకాయన పుట్టిన పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవాడు. మరొకాయన ఆ కబుర్లను గుట్టుచప్పుడు కాకుండా ఇంటింటికీ చేరవేసేవాడు. ముగ్గురూ రైతులే, కూలీలే. బిడ్డను ఎత్తుకున్న కన్నన్ అనే బౌద్ధ దేవత బొమ్మలో మరియమాతను చూసుకునేవారు. ఎవరైనా చనిపోతే బౌద్ధ గురువు వచ్చి మంత్రాలు చదివి తీరాలి. ఆయన ఒక గదిలో చదువుతుంటే, మరోచోట పల్లెవాళ్లు నోట్లోనే తమ ప్రార్థనలు చెప్పుకునేవారు. ఆ ప్రార్థనల్లోని లాటిన్ మాటలకు అర్థం ఎవరికీ పూర్తిగా తెలియదు. తాతలు చెప్పిన మాటలు కాబట్టి ఒక్క అక్షరం పోకుండా చెప్పడానికి పాటుపడ్డారు.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లి ఇంకో సంగతి చెప్పాలి. 1633 అక్టోబరులో నాగసాకిలో కొందరిని గోతుల్లో తలకిందులుగా వేలాడదీశారు. వాళ్లలో జూలియన్ నకౌరా అనే జపాన్ గురువు ఉన్నాడు. కుర్రతనంలో రోమ్ దాకా వెళ్లి పోపును చూసివచ్చినవాడు. ఆయన గోతిలోనే ప్రాణం విడిచాడు. ఆ రోజే వేలాడదీసినవాళ్లలో క్రిస్టోవావ్ ఫెరీరా కూడా ఉన్నాడు. పోర్చుగల్ నుంచి వచ్చి జపాన్‌లోని జెసూయిట్ గురువులందరికీ పెద్దగా ఉన్నవాడు. ఆయన సుమారు అయిదు గంటల తర్వాత లొంగిపోయాడు. విశ్వాసం వదిలేస్తానని సైగ చేశాడు. ఎందోకు షుసాకు 1966లో రాసిన సైలెన్స్ నవల వెనక ఉన్నది ఈ ఘటనే. ఒకే శిక్ష, ఒకే బాధ, ఇద్దరూ చదువుకున్నవాళ్లే, ఇద్దరూ దేవునికి జీవితం ఇచ్చినవాళ్లే. ఒకరు ఎందుకు నిలిచారో, ఒకరు ఎందుకు పడిపోయారో చెప్పగలిగేవాళ్లెవరూ లేరు. ఆ గోతుల దగ్గర మనం లేము. కాబట్టి నకౌరాను గౌరవిద్దాం. ఫెరీరా మీద తీర్పు దేవునికి వదిలేద్దాం.

ఇప్పుడు 1865కు వద్దాం. విదేశీ వర్తకుల కోసమని నాగసాకిలో ఓవురా అనే చోట ఫ్రెంచి ఫాదర్లు ఒక గుడి కట్టారు. మార్చి 17న, మధ్యాహ్నం వేళ, ఉరకామి నుంచి పదిహేను మంది దాకా గుడి ముందుకొచ్చి నిలబడ్డారు. ఫాదర్ పెతీజాన్ తలుపు తీశాడు. ఆయన మోకరించి ప్రార్థిస్తుంటే ఒక స్త్రీ దగ్గరికొచ్చి, తమ అందరి మనసూ ఆయన మనసులాంటిదేనని మెల్లగా చెప్పింది. మరియమాత బొమ్మ ఎక్కడుందని అడిగింది. ఆ మాటల్లోనే వాళ్ల పంచాంగం ప్రకారం ఇది క్రీస్తు శ్రమల కాలంలో 17వ రోజని కూడా ఆయనకు తెలిసింది. ఆ ఏడాది నలభై రోజుల తపస్సు కాలం మొదలైంది మార్చి 1న. 17వ రోజంటే సరిగ్గా మార్చి 17. ఫాదర్లు లేకుండా, గుడి లేకుండా, తరతరాలుగా బొమ్మను తొక్కుతూ, 221 ఏళ్లపాటు గడిపిన ఆ పల్లె రైతులు ఒక్క రోజు లెక్క కూడా తప్పలేదు.

కష్టాలు అక్కడితో తీరలేదు. నిషేధం ఇంకా అమల్లోనే ఉంది. ఇక దాక్కోకూడదని ఉరకామి వాళ్లు నిశ్చయించుకోవడంతో 1867లో అరెస్టులు మొదలయ్యాయి. చిత్రహింసలకు దాదాపు అందరూ లొంగిపోయారు. తకాగి సెన్‌ఎమోన్ అనే రైతు మాత్రం లొంగలేదు. ఆయన పల్లెకు తిరిగివచ్చాక, లొంగిపోయినవాళ్లలో చాలామంది గ్రామాధికారి ఇంటికి వెళ్లి, "మేం చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నాం, మేం క్రైస్తవులమే" అని చెప్పేశారు. ఏం జరుగుతుందో వాళ్లకు బాగా తెలుసు. ఆ దెబ్బలు ఒకసారి తిన్న ఒళ్లు అది. తెలిసీ వెళ్లారు.

తర్వాత ఊరు ఊరంతా ప్రవాసానికి పోయింది. దాదాపు 3,400 మందిని కుటుంబాలు విడదీసి, జపాన్‌లో ఇరవై చోట్లకు తరలించారు. త్సువానో అనే కొండ ఊరికి పంపినవాళ్లను మంచు గడ్డకట్టిన కొలనులోకి తోశారు. మనిషి నిలబడడానికి వీల్లేని మూడడుగుల బోనులో పెట్టారు. అక్కడే మొరియామా యుజిరో అనే 14 ఏళ్ల కుర్రవాణ్ని కట్టేసి కొట్టారు. ఆ దెబ్బలతోనే వాడు అక్క చేతుల్లో చనిపోయాడు. చనిపోయే ముందు వాడు అక్కతో చెప్పిన మాటను ఆ కుటుంబం దాచుకుంది. బాధ ఓర్వలేకపోతున్న వేళ, ఇంటి కప్పు మీద ఒక పిచ్చుక తన పిల్ల నోటికి తిండి అందించడం చూశాడట. పిచ్చుకకే బిడ్డ మీద అంత ప్రేమ ఉంటే దేవునికి నా మీద ఇంకెంత ఉంటుందో అనుకున్నాడట. వాడు ఏడవకుండా ఉండలేదు. నొప్పి లేకుండా పోలేదు. ఆ నొప్పిలోనే వాడి కళ్లకు ఆ పిచ్చుక కనబడింది.

త్సువానోలో మరో విశేషం. అక్కడ చాలామంది ఆకలికి, చలికి తాళలేక లొంగిపోయారు. లొంగినవాళ్లకు మంచి తిండి పెట్టి, బయట పని చేసుకోనిచ్చేవారు. వాళ్లలో కొందరు ఆ తిండిని లోపల ఇంకా నిలబడి ఉన్నవాళ్లకు రహస్యంగా చేరవేశారు. పడిపోయినవాళ్లు నిలబడ్డవాళ్లను బతికించారు. ఎవరు బలవంతులో, ఎవరు బలహీనులో మనం గీసుకున్న గీతలు అక్కడ చెల్లవు.

1873లో నిషేధపు పలకలు తీసేశారు. బతికినవాళ్లు ఉరకామికి తిరిగివచ్చారు. 600 మందికి పైగా రాలేదు. వచ్చినవాళ్లు ఇళ్లూ పొలాలూ పోయి, పూరిపాకల్లో తలదాచుకున్నారు. కొంత నిలదొక్కుకున్నాక, గుడి కోసం ఒక స్థలం కొన్నారు. అది గ్రామాధికారి ఇల్లు ఉన్న స్థలం. తరతరాలుగా తాము బొమ్మను తొక్కిన చోటు. ఎక్కడ భయంతో అడుగు వేశారో అక్కడే 1895లో గుడి కట్టడం మొదలుపెట్టారు. అది ముగిసేసరికి 1914 వచ్చింది. గంటలు మోగే గోపురాలు 1925కు లేచాయి.

1945 ఆగస్టు 9 ఉదయం 11 గంటల 2 నిమిషాలకు ఆ ఉరకామి మీదే అణుబాంబు పేలింది. ఆ గుడికి అర కిలోమీటరు దూరంలో. మరియమాత మోక్షారోపణ పండుగ దగ్గరపడుతోందని లోపల ఫాదర్లు పాపసంకీర్తనాలు వింటున్నారు. లోపలున్నవాళ్లెవరూ మిగల్లేదు. ఉరకామిలోని దాదాపు 12,000 మంది కథోలికుల్లో 8,500 మంది దాకా పోయారు.

అక్కడి వైద్య కళాశాలలో తకాషి నగాయ్ అనే డాక్టరు ఉండేవాడు. ఎక్స్‌రేల మధ్య పనిచేసి అప్పటికే రక్త క్యాన్సర్ తెచ్చుకున్నాడు. ఆయన భార్య మిదోరి, ఉరకామిలో తరతరాలుగా పంచాంగం చూసిన ఆ విశ్వాసుల కుటుంబంలో పుట్టిన ఆడపడుచు. బాంబు పడ్డ మూడో రోజు ఆయన ఇంటికి వెళితే వంటింటి బూడిదలో భార్య ఎముకలు, వాటి దగ్గర కరిగిన జపమాల దొరికాయి. ఆ నవంబరులో శిథిలమైన గుడి దగ్గర జరిగిన స్మారక పూజలో ఆయన మాట్లాడాడు. చనిపోయినవాళ్లు శాంతి కోసం దేవునికి అర్పించిన బలి అన్నాడు. ఆ మాట కొందరి కన్నీళ్లు తుడిచింది. మరికొందరికి అది మింగుడుపడలేదు. మనుషులు చేసిన ఘోరాన్ని దేవుని ఖాతాలో ఎలా వేస్తారని అడిగినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు అడగడంలో న్యాయం ఉందని నేననుకుంటాను. తన దుఃఖానికి నగాయ్ ఒక అర్థం వెతుక్కున్నాడు, అది ఆయన హక్కు. ఇతరుల దుఃఖానికి అర్థం చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. ఆయన చేసిన పని గురించైతే ఎవరికీ తగవు లేదు. రెండు చాపలు పట్టే గదిలో పడుకుని, 1951లో కన్నుమూసేదాకా పుస్తకాలు రాశాడు. బూడిదైపోయిన ఊళ్లో వెయ్యి చెర్రీ మొక్కలు నాటించాడు.

శ్రోతలారా, ఇప్పుడు ఆ ఆస్పత్రి మంచం దగ్గరికి వద్దాం.

భయం పాపం కాదు. గెత్సేమనే తోటలో క్రీస్తు ప్రభువే వేదనతో చెమటోడ్చాడు. ఆ గిన్నె తన దగ్గరనుంచి తొలగిపోతే బాగుండునని తండ్రిని అడిగాడు. ప్రభువుకు కలిగిన వేదన మనకు కలగకూడదని ఎవరన్నారు? పేతురు మూడుసార్లు ఎరగనన్నాడు. ఆ పేతురుకే తన గొర్రెలను అప్పగించాడు ప్రభువు. కాబట్టి మీకు భయంగా ఉంటే, "ప్రభువా, నాకు భయంగా ఉంది" అని అదే ప్రార్థనగా చెప్పండి. మాటలు రాకపోతే చిన్నప్పుడు నేర్చుకున్న పరలోక ప్రార్థన చాలు. అర్థం మీద మనసు నిలవకపోయినా ఫరవాలేదు. ఉరకామి తాతలు అర్థం తెలియని మాటలతోనే 221 ఏళ్లు నడిచారు. ఒక రోజు మీ విశ్వాసం జారిపోయినా, దేవుని మీద కోపం వచ్చినా, మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. తిరిగి వచ్చినవాళ్లను తోసేసే దేవుడు కాదాయన.

పలకరించడానికి వెళ్లేవాళ్లకూ ఓ మనవి. బాధలో ఉన్న మనిషి విశ్వాసాన్ని తూకం వేయకండి. ఇది ఎందుకొచ్చిందో, దేవుని ఉద్దేశం ఏమిటో వివరించకండి. మందులు మానిపించకండి. పంచాంగం చూసినాయన, నీళ్లు పోసినాయన, కబురు మోసినాయన ఎవరి పని వాళ్లు చేశారు కాబట్టే ఆ పల్లె నిలిచింది. మీరు కూడా ఒక పని ఎంచుకోండి. ఒక పూట అన్నం క్యారేజీ తీసుకెళ్లండి. రాత్రి కాపలా ఉండే కొడుకును ఇంటికి పంపి, ఆ ఒక్క రాత్రి మీరు పడుకోండి. రోగి ప్రార్థన చేసుకోలేకపోతుంటే ఆయన బదులు మీరు చేయండి. ఈ వారం మీకు తెలిసిన ఒక్క ఇంటికైనా వెళ్లి, ఏదో ఒక పని భుజాన వేసుకుని రండి.